లోకాపవాదము – జీవితచరిత్రము

గతించినవారినిగూర్చి మాటలాడుటలో మనకు రెండు మార్గములు బాగుగా నలవడినవి. ఒకటి స్తుతి, రెండవది నింద. కావలసినవారు బిరుదములు తగిలింతురు. కానివారు అరుగులమీద కూర్చుండి అపవాదములు చెప్పుకొందురు. ఈ రెండును గాక మూడవ మార్గ మొకటి కలదు. అది చరిత్రము. ఏ యేట నేమి జరిగినది, ఎవ రెవరి కేమి వ్రాసిరి, చెప్పిన మాటకు ఆధార మెక్కడనున్నది అని యడిగి, దొరకినంతవఱకే చెప్పి, దొరకనిచోట నూరకుండుట దాని లక్షణము. అది కష్టమార్గము. అట్టి మార్గమున నడచిన గ్రంథ మొకదానిని నేను మూడు మాసములపాటు, దినమునకు కొన్ని పుటల చొప్పున, చదివితిని. అందలి విషయమును పెద్దలకు మనవి చేయదలచితిని.

ఆ గ్రంథము జార్జి ఇలియటు అను ఆంగ్ల నవలాకర్త్రి జీవితచరిత్రము. దానిని వ్రాసినవాడు అమెరికాలోని యేలు విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండిన గోర్డన్ హెయిటు. 1968 వ సంవత్సరమున ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారు దానిని ప్రకటించిరి. పుటలు దాదాపు ఆఱువందలు. జార్జి యనునది పురుషనామము. కాని ఆ పేరుతో వ్రాసినది స్త్రీ. విక్టోరియారాణి పాలనకాలమున ఇంగ్లండులో విద్యావంతుల యిండ్ల నామె నవలలు చదువుచుండిరి; ఆమెను మాత్రము తమ యింటికి పిలుచుటకు గృహిణులు వెనుదీయుచుండిరి. పుస్తకమునకు పీటవేసి, వ్రాసిన మనిషిని వాకిట నిలిపిన సంఘమది. అట్లేల జరిగెను? ఆ తీర్పు ఎట్టిది? నూఱేండ్లు గడచినపిదప ఒక పండితుడు దానిని మరల నెట్లు తూచెను? ఇదియే నా ప్రసంగవిషయము. గ్రామములలో నలుగురు కూర్చుండి మంచిచెడ్డలు విచారించునప్పుడు ఈ కథ పనికివచ్చునని నా నమ్మకము.

ఆమె అసలు పేరు మేరీ ఆన్ ఇవాన్సు. 1819 నవంబరు 22 వ తేదీన ఇంగ్లండు నడిమిభాగమునందలి వారిక్‌షైరులో, ఆర్బరీ యను జమీనులో జన్మించెను. తండ్రి రాబర్టు ఇవాన్సు వడ్రంగముతో జీవనమారంభించి, న్యూడిగేటు వంశపు భూస్వాములకు ఆస్తిపాస్తుల నిర్వాహకుడైనవాడు. మన పాత జమీందారీలలోని దివానువంటివాడనవచ్చును. అన్న ఐజాకు ఆమెకంటె మూడేండ్లు పెద్ద. బాల్యమున ఆ పిల్లకు అన్నయే లోకము. అతడు కాలువగట్టున గాలము వేయుచుండ ప్రక్కను గూర్చుండుట ఆమెకు పండుగ. ఏబదియేండ్ల వయస్సునకు చేరువలో, ఆ అన్న తనతో మాటలాడుట మానిన పండ్రెండేండ్లకు, ఆమె ఆ బాల్యస్నేహమునే పద్యములుగా వ్రాసెను. ఈ సంగతి గుర్తుంచుకొనదగినది.

1836 లో తల్లి మరణించెను. 1841 లో ఐజాకు వివాహమాడి పాత యింట నిలువగా, తండ్రియు కూతురును కవెంట్రీ పట్టణముచెంతకు మకాము మార్చిరి. అక్కడ బ్రే దంపతులను స్వతంత్రభావములుగల విద్యావంతులతో ఆమెకు స్నేహమబ్బెను. 1842 జనవరిలో ఆదివారమునాడు దేవాలయమునకు రానని ఆమె తండ్రితో చెప్పెను. నమ్మని మాటలను నమ్మినట్లు నటించుట తనకు చేతగాదని ఆమె వాదము. తండ్రి ఆ యింటినే వదలివేయుటకు సిద్ధపడెను. కొన్ని మాసములు బంధువులు నడుమ తిరిగినపిదప ఒక యొడంబడిక కుదిరెను: ఆమె తండ్రితో ఆలయమునకు పోవలయును, అక్కడ కూర్చుండి ఏమి తలచుకొన్నను అది ఆమె యిష్టము. అటుపిమ్మట ఏడేండ్లు, 1849 మే 31 న ఆయన కన్నుమూయువఱకు, ఆ కూతురే ఆయనకు సేవచేసెను.

హెయిటు పద్ధతి యిక్కడనే తెలియును. ఆయన ఈ ఘట్టమును తండ్రిపక్షముననో కూతురిపక్షముననో నిలిచి వర్ణింపలేదు. రాబర్టు ఇవాన్సు స్వయముగా వ్రాసికొన్న దినచర్యపుస్తకమును విప్పి, ఆ ఆదివారము కూతురు ఆలయమునకు రాలేదని ఆయన నమోదు చేసికొన్న చిన్నమాటను చూపెను. కోపపు మాటలు పెక్కు పుటలు వ్రాసినను రాని బాధ ఆ ముసలివాని పొడిమాటలో కనబడును. ఇరువురును నిజాయితీపరులే, ఇరువురును నొచ్చినవారే. చదువరికి ఆ సంగతి తనంతట తాను తెలియును.

తండ్రి గతించినపిదప ఆమె 1851 లో లండను చేరెను. అంతకు పూర్వమే, 1846 లో, జర్మను పండితుడు స్ట్రౌసు వ్రాసిన యేసు జీవితవిమర్శను ఆంగ్లీకరించియుండెను. ఆ పుస్తకముమీద ఆమె పేరు లేదు. లండనులో జాన్ ఛాప్మను అను ప్రకాశకుని యింట నుండి, వెస్టుమినిస్టరు రివ్యూ అను ప్రసిద్ధమైన త్రైమాసపత్రికను నడపెను. పత్రికకు సంపాదకుడని పేరు ఛాప్మనుది, పని ఆమెది. మన దేశమునను పండితులు విరివిగా చదివిన హెర్బర్టు స్పెన్సరు ఆ దినములలో ఆమెకు మిత్రుడు. ఆయన వెంట ఆమెను చూడవచ్చుచుండినవాడు జార్జి హెన్రీ లూయిసు. ఇతడు పత్రికారచయిత, నాటకవిమర్శకుడు. జర్మను మహాకవి గేటే చరిత్రను వ్రాసి పేరు గాంచినవాడు.

ఇక చిక్కు ఇక్కడ ప్రారంభము. లూయిసు 1841 లోనే ఆగ్నెసు అను నామెను పెండ్లాడి కుమారులను గన్నవాడు. ఆయన మిత్రుడును, పత్రికలో జతగాడును అయిన థార్న్‌టన్ హంటు అనువానితో ఆగ్నెసునకు సంబంధ మేర్పడెను. 1850 ఏప్రిలులో వారికి బుట్టిన బిడ్డను లూయిసు తన పేరనే నమోదు చేయించెను. 1851 లో మఱియొక బిడ్డ పుట్టగా ఆయన ఆగ్నెసును భార్యగా నెంచుట మానెను. కాని భార్య తప్పును ఒకమా రెఱిగి క్షమించినవాడు, ఆ తప్పు కారణముగా పిదప విడాకులు కోరుటకు ఆనాటి న్యాయము ఒప్పుకొనదు. బిడ్డకు పేరిచ్చిన ఆ యొక్క సంతకమే ఆయన చేతులు కట్టివేసినదని హెయిటు చెప్పును. అదియుగాక 1857 వఱకు ఇంగ్లండులో సంపూర్ణమైన విడాకులకు పార్లమెంటుచేత ప్రత్యేకశాసనము చేయించుకొనవలసియుండెను. అది మహాధనికులకే సాధ్యము. 1857 నాటి చట్టముచే విడాకుల విచారణకు న్యాయస్థాన మేర్పడెను. అందులోను పక్షపాతము కలదు. భర్త తన భార్య వ్యభిచారమును రుజువు చేసిన చాలును. భార్యయో, భర్త వ్యభిచారముతోపాటు క్రౌర్యమో పరిత్యాగమో మఱియొక నేరమునుగూడ రుజువు చేయవలయును.

ఈ స్థితిలో 1854 జూలై 20 వ తేదీన మేరీ ఆన్ ఇవాన్సును లూయిసును కలిసి ఓడయెక్కి జర్మనీకి పోయిరి. వైమారు, బెర్లిను నగరములలో ఎనిమిది మాసములుండిరి. అక్కడ ఆయన గేటే చరిత్ర వ్రాసికొనుచుండ, ఆమె స్పినోజా అను తత్త్వవేత్త నీతిశాస్త్రమును అనువదించుటకు మొదలిడెను. ఆ యనువాదము 1981 వఱకు అచ్చుపడలేదు. 1855 మార్చిలో తిరిగివచ్చిననాటినుండి ఆమె తన్ను లూయిసుగారి భార్యగా పిలువవలయునని మిత్రులను గట్టిగా కోరెను. ఇరువది నాలుగేండ్లు, ఆయన మరణించువఱకు, వారొక్కటిగా జీవించిరి.

లండనులో అపవాదము భగ్గుమనెను. భార్యాబిడ్డలను వీధిపాలుచేసి యొక విదుషితో లేచిపోయినాడని లూయిసునుగూర్చి చెప్పుకొనిరి. హెయిటు ఈ మాటను కోపముతో ఖండింపలేదు. లెక్కలు తీసి చూపెను. లూయిసు ఆగ్నెసునకు జీవనభృతి యిచ్చుచునే యుండెను. ఆయన సంపాదన చాలని దినములలో మేరీ ఆన్ సంపాదన దానికి తోడయ్యెను. లూయిసు గతించినపిదపను ఆగ్నెసుకు సొమ్ము ముట్టుచునే యుండెను. ఆయన కుమారులు ఈమెను తల్లియని పిలిచిరి. వారిలో రెండవవాడు థార్న్‌టన్ మన దేశమున సివిలుసర్వీసు ఉద్యోగమునకై చదివి, 1863 లో తుదిపరీక్షలో తప్పి, దక్షిణాఫ్రికాలోని నేటాలునకు పోయెను. 1869 లో వెన్నుపూసకు క్షయసోకి తిరిగివచ్చి, ఈమె చేతులలోనే ప్రాణము విడిచెను. అప్పటి కామె తన నవలలలో నెల్ల గొప్పదని విమర్శకులు చెప్పు "మిడిల్‌మార్చి"కి శ్రీకారము చుట్టియుండెను. రోగిని కనిపెట్టుకొనియుండు దినములలో ఆ కలము సాగలేదు.

మఱియొక సంగతి. ఆ కాలపు లండనులో కట్టు దప్పినవారు వీరిరువురేనా? ఛాప్మను ఇంటనే ఆయన భార్యయు, గృహనిర్వాహకురాలను పేర ఉంపుడుకత్తెయు ఒక్క కప్పుక్రింద నుండిరి. ఆ యింటి విందులకు గౌరవనీయు లెల్ల వచ్చుచునే యుండిరి. ఛాప్మను 1851 నాటి దినచర్యను హెయిటు 1940 లోనే పరిష్కరించి ప్రకటించెను. అందులో మేరీ ఆన్ మీద ఛాప్మనునకు మనసు గలుగుటయు, ఆమెకును అతనిపై మక్కువ యుండుటయు, ఆ యింటి స్త్రీలిరువురు నొక్కటై ఆమెను కొన్నాళ్లు లండనునుండి వెడలునట్లు చేయుటయు గలవు. హెయిటు దీనిని దాచలేదు. తన కథానాయికకు కొఱతయని తుడిచివేయలేదు; రుచికరముగా నున్నదని సాగదీయనులేదు. ఉన్నదున్నట్లు చెప్పి ముందుకు సాగెను. నే నీ గ్రంథమును నమ్ముటకు ఇది యొక కారణము. రహస్యముగా సాగినదానిని చూచి కన్నులు మూసికొన్న సంఘము, బహిరంగముగా భార్యనని చెప్పుకొన్నదానిని సహింపలేదన్న నిజమునుగూడ ఈ ప్రక్క ప్రక్కనున్న రెండు కథలే చెప్పును.

ఇక అన్నమాట. తండ్రి వ్రాసిన మరణశాసనముచే ఆమె పేర రెండువేల పౌనులు ధర్మకర్తలవద్ద నుండెను. దాని వడ్డీ ఐజాకు చేతిమీదుగా రావలసియుండెను. 1857 మేనెలలో ఆమె అన్నకు ఉత్తరము వ్రాసి, తనకు భర్త యున్నాడనియు, ఇకమీద ఆ సొమ్ము ఆయన పేర పంపవలయుననియు తెలియజేసెను. ఐజాకు స్వయముగా బదులు వ్రాయలేదు. కుటుంబపు న్యాయవాదిచేత, వివాహ మెప్పుడు, ఎక్కడ జరిగెనని యడిగించెను. ఆమె అబద్ధమాడలేదు. తమ బంధము చట్టమునకు లోబడినది కాదు గాని, తామిరువురును దానిని పవిత్రముగానే భావించితిమని జవాబిచ్చెను. అంతటితో ఐజాకు తలుపు మూసెను. అక్కచేతను, సవతియక్కచేతను గూడ ఉత్తరములు మాన్పించెను.

ఆమె తోబుట్టువైన అక్క క్రిస్సీ వైద్యుని భార్య. 1852 లో వితంతువై ఆఱుగురు బిడ్డలతో మిగిలినది. చెల్లెలు తన కొద్దిపాటి సంపాదనలోనుండి ఆమెకు సాయము పంపుచుండెడిది. అన్న మాట కెదురాడలేక క్రిస్సీ ఊరకుండెను. 1859 లో క్షయరోగముతో మంచముపట్టి, తన మౌనమునకు విచారించుచు చెల్లెలికి ఒక లేఖ వ్రాసెను. మార్చి నెలలో మరణించెను. ఆ మధ్యనే, ఫిబ్రవరిలో, చెల్లెలి "ఆడం బీడ్" అను నవల వెలువడి దేశమెల్ల మారుమ్రోగుచుండెను. కీర్తి ఒక వాకిటను, చావుకబురు మఱియొక వాకిటను ఒక్కమాసమున వచ్చినవి. ఈ భాగము చదివిననాడు నేను పుస్తకము మూసి, ఆ దినమునకు చాలునని లేచితిని.

"ఆడం బీడ్" వడ్రంగి కథ. తండ్రి తొలినాటి వృత్తియు, పినతల్లి యొకతె చెప్పిన పాత సంఘటన యొకటియు దానికి మూలములు. అంతకుముందే, 1857 లో, బ్లాక్‌వుడ్ అను స్కాటులాండు ప్రకాశకుని పత్రికలో ఆమె కథలు ప్రారంభమైనవి. అప్పుడే జార్జి ఇలియటు అను పేరు పుట్టెను. ఆ పేరు వెనుక నున్నది స్త్రీయై యుండునని కథలు చదివి గ్రహించినవాడు నవలాకారుడు డికెన్సు. తక్కినవారు గ్రహింపలేదు. ఆమె పుట్టిన ప్రాంతమువారు, కథలలోని మనుష్యులను గుర్తుపట్టి, ఇవి మన యూరి లిగ్గిన్సు వ్రాసినవని చాటిరి. జోసెఫు లిగ్గిన్సు అను నాతడు చదువుకొని చెడిన బీదవాడు. ఆయన కాదనలేదు. పాపము, ప్రకాశకుడు వానికి కానియైన నియ్యలేదని జాలిపడి పెద్దమనుషులు చందాలు పోగుచేయసాగిరి. గాస్కెల్ అను ప్రసిద్ధ నవలాకర్త్రియు కొంతకాలము ఆ మాటనే నమ్మెను. ఈ అబద్ధమును అణచుటకు 1859 లో రచయిత్రి తన గుట్టు విప్పవలసివచ్చెను. గుట్టు విప్పినతోడనే పాత నింద కొత్త పుస్తకమును చుట్టుకొన్నది.

ఈ లిగ్గిన్సు కథ చదువునప్పుడు నవ్వు వచ్చును. పిదప ఆలోచన పుట్టును. వ్రాయనివానికి గ్రంథకర్తృత్వ మంటగట్టిన నోళ్లును, భార్యాబిడ్డలను పోషించువానిని పరిత్యాగి యన్న నోళ్లును ఒక్కటే. రెండింటికిని ఆధారము లేదు. అందఱును చెప్పుచున్నారన్నదియే ఆధారము. ఒకదానివలన లిగ్గిన్సునకు నాలుగు కాసులు ముట్టినవి. రెండవదానివలన ఒక స్త్రీ జీవితము వెలియయ్యెను.

దానికి ఆమె యెట్లు సమాధానము చెప్పెను? ఆ జీవితమున వాదప్రతివాదములు లేవు. పత్రికలకు సంజాయిషీలు వ్రాయలేదు. పిలువనివారి యింటికి పోరాదని నియమము పెట్టుకొని, నవలలు వ్రాసెను. 1860 లో "ఫ్లాసు నదిమీది మిల్లు" వెలువడెను. అందు టామ్, మాగీ యను అన్నాచెల్లెళ్లున్నారు. మాగీ యొకనితో పడవలో పోయి, మనసు త్రిప్పుకొని, పెండ్లియాడకయే మరలివచ్చును. అన్న ఆమెను ఇంట అడుగుపెట్టనీయడు. ఆ పట్టణపు స్త్రీలు, ఆమె వానిని పెండ్లాడి వచ్చియుండిన ఆదరించియుందురు. ధర్మమునుబట్టి మరలివచ్చినందున దూషింతురు. చివరకు వఱదలో అన్నను రక్షింపబోయి, అన్నాచెల్లె లిరువురు నొక్క కౌగిలిలో మునిగిపోవుదురు.

1861 లో "సైలస్ మార్నర్" వచ్చెను. అతడు బీద నేతగాడు. ఒక చిన్న మతసంఘమున నమ్మకముగా నుండువాడు. దొంగతన మతనిమీద పడగా, సంఘపు పెద్దలు విచారణ మాని, దేవుని తీర్పని చీట్లు వేయుదురు. చీటి అతనికి విరోధముగా వచ్చును. అతడు ఊరు విడిచి పరదేశమున మగ్గము నమ్ముకొని బ్రదుకును. ముప్పదియేండ్లకు, నిజము తెలిసెనేమో యని పెంపుడుకూతును వెంటబెట్టుకొని పాత పట్టణమునకు పోవును. ఆ సంఘము లేదు. ఆ వీధి లేదు. అక్కడ యంత్రశాల లేచియున్నది. తీర్పు చెప్పినవారు తప్పు దిద్దుటకైన మిగులలేదు. మగ్గపునేత నెఱిగిన మన పల్లెలలో ఈ చిన్న నవలను చదివి చెప్పిన, కంటతడి పెట్టనివా రరుదు.

కాలక్రమమున కీర్తి అపవాదమును మించెను. 1862 లో ఒక ప్రకాశకుడు "రొమోలా" నవలకు పదివేల పౌను లిచ్చెదననగా, కథను కోరినంత విరివిగా వ్రాసికొనుటకై ఆమె ఏడువేలకే ఒప్పుకొన్నది. విక్టోరియారాణి ఆమె పుస్తకములను మెచ్చి, "ఆడం బీడ్"లోని ఘట్టములను చిత్రములుగా వ్రాయించుకొన్నది. ఆదివారపు మధ్యాహ్నములలో పండితులు, కవులు ఆ యింటికి వచ్చుచుండిరి. మొదట పురుషులే వచ్చిరి. భార్యలను ఇంట విడిచి వచ్చిరి. స్త్రీలు ముందువెనుకలాడుచు చాలకాలమునకు గాని రాలేదు. 1877 లో రాణి కుమార్తెయే ఆమెను చూడగోరి పలుకరించెను. ఐజాకు మాత్రము పలుకలేదు.

1878 నవంబరు 30 న లూయిసు మరణించెను. ఆమె తలుపు మూసికొని, ఆయన విడిచిన శాస్త్రగ్రంథమును పూర్తిచేసి, ఆయన పేర కేంబ్రిడ్జిలో శరీరశాస్త్రవిద్యార్థులకు వేతన మొకటి నెలకొల్పెను. 1880 మే 6 న, అఱువదియేండ్ల వయస్సున, తనకంటె ఇరువదియేండ్లు చిన్నవాడైన జాన్ క్రాసు అను మిత్రుని దేవాలయమున శాస్త్రోక్తముగా పెండ్లాడెను. స్నేహితులు కొందఱు నివ్వెఱపోయిరి. కాని మే 17 వ తేదీన ఐజాకు తన చేతితో ఉత్తరము వ్రాసెను. దీర్ఘమౌనమును విడుచుటకు అవకాశము కలిగినందుకు సంతోషించుచు శుభాకాంక్షలు పంపెను. చెల్లెలు నిష్ఠురమాడలేదు, చిన్ననాటి ప్రేమ తనయం దెన్నడును తరుగలేదని బదులు వ్రాసెను. మౌనము సాగినది ఇరువది మూడేండ్లు. ఆ ఉత్తరము అందిన ఏడు మాసములకే, 1880 డిసెంబరు 22 న, ఆమె మరణించెను. అంత్యక్రియలకు వచ్చినవారిలో ఐజాకును ఉండెను.

ఇరువది నాలుగేండ్ల నిష్ఠగల సహజీవనమునకు లొంగని అన్న, ఒక్కనాటి వివాహలేఖకు లొంగెను. ఇరువదియేండ్లకు పూర్వము "మిల్లు" నవలలో ఆ పట్టణస్త్రీల నోట ఆమె పలికించినది ఇదియే కాదా? హెయిటు ఈ పోలికను డప్పు కొట్టి చెప్పడు. రెండు ఉత్తరములను, రెండు తేదీలను మన ముందుంచును.

వెస్టుమినిస్టరు ఆలయమున మహాకవుల ప్రక్కను ఆమెను సమాధి చేయవలయునని కొందఱు తలచిరి. శాస్త్రజ్ఞుడు హక్స్‌లీ ఆమెను గౌరవించువాడే. అయినను, వివాహవిషయమున చర్చి నియమమును బహిరంగముగా దాటినవారికి చర్చియొక్క గౌరవమును కోరుట తగదని ఆయన యభిప్రాయము. ప్రయత్నము విడువబడెను. హైగేటు శ్మశానమున లూయిసు సమాధిచెంతనే ఆమెను పూడ్చిరి. నూఱేండ్లకు, 1980 జూన్ 21 న, వెస్టుమినిస్టరు ఆలయపు కవుల మూలలో ఆమె పేరిట శిల నొకదానిని స్థాపించిరి.

ఆమె చరిత్రను మొదట వ్రాసినవాడు భర్త క్రాసే. 1885 లో మూడు సంపుటములు వెలువడెను. ఆయన ఆమె ఉత్తరములనే కూర్చెను. కాని ముండ్లనుకొన్నవాని నెల్ల కత్తిరించెను. వేఱువేఱు లేఖల ముక్కలను కలిపి కుట్టెను. హాస్యము, కోపము, ఇంటిగొడవలు తీసివేయగా ఒక రాతివిగ్రహము మిగిలెను. చదివిన పెద్దలే ఇందు మనిషి కనబడుట లేదనిరి. పెండ్లియైన కొత్తలో వెనీసు నగరమున తాను మతిచలించి మేడకిటికీనుండి కాలువలోనికి దుమికిన సంగతిని గూడ ఆయన, గాలి సరిపడక జబ్బుపడితినని చెప్పి దాటవేసెను. ప్రేమవలన చేసినపనియే యైనను, దానివలన కలిగిన ఫలము విపరీతము. దాచినచోట నెల్ల లోకము తన యూహను నింపుకొనును.

హెయిటు ఆ కుట్లు విప్పెను. పెక్కుచోట్ల చెదరియున్న మూలలేఖలను వెదకి, తేదీలు నిర్ణయించి, 1954–55 లలో ఏడు సంపుటములుగా ముద్రించెను. 1978 లో మఱి రెండు చేర్చెను. ఛాప్మను దినచర్య ప్రకటించిన 1940 మొదలు చరిత్ర వెలువడిన 1968 వఱకు ఇరువది యెనిమిదేండ్లు. మన పెద్దలు తాళపత్రప్రతులను ప్రక్కప్రక్క పెట్టి పాఠము నిర్ణయించినట్లే ఈయనయు చేసెను. అయినను దొరకనివి కలవు. లూయిసునకు ఆమెకు నడుమ నడచిన లేఖలు ఆమెతోడనే భూమిలో పెట్టబడినవి. వానిని తాను చూచినట్లు హెయిటు ఎక్కడను వ్రాయడు.

ఈ గ్రంథమున దోషము లేదా? కలదు. ఆమె ఒంటరిగా నిలువజాలని స్వభావము గలదని, ఎల్లప్పుడు నొకరిని ఆనుకొనవలసినదని హెయిటు గ్రంథమెల్ల సూచించుచుండును. ఆ మాటకు మూలము, తల ఆకారమునుబట్టి గుణములు చెప్పు కపాలవిద్యను నమ్మిన మిత్రుడు బ్రే చెప్పినది. అది శాస్త్రము కాదని తేలినది. హెయిటు స్వయముగా చూపిన సాక్ష్యమే దానికి విరుద్ధము. తండ్రి నెదిరించి తన మనస్సాక్షి నిలుపుకొన్నది, లండనులో పత్రిక నడపినది, న్యాయవాది యడిగినప్పుడు అబద్ధమాడనిది, ఇరువది మూడేండ్ల వెలిని సహించినది ఆనుకొను తీగయా? పిదప వచ్చిన చరిత్రకారులు, ముఖ్యముగా స్త్రీలు, ఈ పొరపాటును ఎత్తిచూపిరి. మంచి గ్రంథమునకు గుర్తు ఇదియే: తన తప్పును దిద్దుటకు కావలసిన సరుకును తానే యిచ్చును.

పెద్దలకు నా మనవి యొక్కటి. ఆమె చేసినది ధర్మమని యొప్పించుట నా యుద్దేశము కాదు. ఐజాకు వినికిడిమాట నమ్మి తీర్పు చెప్పలేదు. అడిగెను, నిజము తెలిసికొనెను. కుటుంబము, పిల్లలు, ఊరిలో పరువు ఆయనకును కలవు. అది తప్పని ఆయన అనుకొనుటలో ఆశ్చర్యము లేదు. కాని తప్పని చెప్పుట వేఱు. రోగమున మ్రగ్గుచున్న అక్కకు చెల్లెలి ఉత్తరమును మాన్పించుట వేఱు. ఆయన తీర్పులో లోపించినది విచారణకంటె గడువు. అపరాధికి శిక్ష వేసిన న్యాయాధిపతియైన ఇన్నేండ్లని చెప్పును. బంధువులు వేసిన వెలికి ఆ లెక్క యుండదు. ఒకరు పోవువఱకు అది సాగును.

క్రిస్సీ మార్చి నెలలో పోయినది. ఐజాకు ఉత్తరము ఇరువదియొక్క యేండ్లకు వచ్చినది. ఈ రెండు తేదీలను ఒకచోట చేర్చి చూచుకొనుటకు చరిత్రగ్రంథము అక్కఱకు వచ్చును. మన యిండ్లలోను మాటలులేని అన్నదమ్ములు, తలుపు మూసిన తోబుట్టువులు లేకపోలేదు. వ్రాయవలసిన ఉత్తరము ఏదైన నున్నయెడల, ఇరువురును బ్రదికియుండగనే వ్రాయుట మేలు.